ఆరూ పది కనెక్షన్

బస్సు డిపోలో ఆమెను అందరూ నిమిషమ్మ అంటారు. పద్నాలుగేళ్లుగా డిపో టైంటేబుల్ రాసేది ఆమే. నూటపన్నెండు బస్సులు ఏ స్టాపులో ఏ నిమిషానికి ఆగాలో ఆమె గదిలో గోడకున్న బోర్డు చెబుతుంది. ఎవరైనా "ఎనిమిదింటికి కలుద్దాం" అంటే, "ఎనిమిదికా, ఎనిమిదీ రెండుకా?" అని అడుగుతుంది. పేరు అలా వచ్చింది.

అలాంటి మనిషి ఒక మంగళవారం మధ్యాహ్నం పెన్సిలు చేతిలో ఉండగానే బోర్డు ముందు నిద్రపోయింది. లేచి, ఎక్కడ ఆపిందో గుర్తు లేక, కనిపించిన అంకెనే కిందికి దించుకుంటూ పోయింది. బుధవారం పొద్దున ఆస్పత్రి స్టాపుకు ఏడు బస్సులు ఎనిమిదీ నలభైకి వచ్చి వరసగా ఆగాయి. ఆ సమయానికి స్టాపులో ఉన్నది ఒక్క ముసలాయన. ఏడుగురు కండక్టర్లు ఏడు తలుపుల్లోంచి "రండి, రండి" అన్నారు. పెళ్లికి పిలుస్తున్నారనుకుని ఆయన ఇంటికి వెళ్లి చొక్కా మార్చుకొచ్చాడు. తర్వాత యాభై ఐదు నిమిషాలు ఒక్క బస్సూ రాలేదు.

మేనేజరు పిలిచాడు.

"నిద్రపోయారటగా."

"లేదు సార్. కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నాను."

"గురక కూడా ఆలోచనలో భాగమేనా?"

ఆమెకు ఆవలింత ఆపుకోవడానికే సరిపోయింది.

"చూడండి," అన్నాడు మేనేజరు. "మూడు నెలల్లో డిపో మొత్తానికి కొత్త టైంటేబుల్ రావాలి. పై ఆఫీసు నుంచి రోజూ ఫోన్లే. ఈలోగా ఒంట్లో ఏముందో చూపించుకుని, ఈ పని చేయగలరని డాక్టరు దగ్గర కాగితం తెండి. తేలేకపోతే బోర్డు సుమారుకి ఇచ్చేస్తాను. నాకు వేరే దారి లేదు."

సుమారు అంటే టికెట్ల సెక్షన్లో గుమస్తా. టైము అడిగితే "సుమారు పది" అంటాడు. పెళ్లెప్పుడైంది అంటే "సుమారు పదేళ్లు" అంటాడు. చెడ్డవాడు కాదు. ఆమె గదిలోకి తొంగిచూసి, "నాకేం ఆశ లేదమ్మా. ఇస్తే మాత్రం కాదనను," అని చెప్పి వెళ్లాడు. ఆమె బోర్డు వైపు చూసింది. పద్నాలుగేళ్లుగా రబ్బరుతో చెరిపి చెరిపి ఆ బోర్డు మధ్యలో పల్లం పడింది. ఆ పల్లంలో "ఎనిమిది ప్రాంతంలో" అన్న మాట ఊహించుకుని, రబ్బరును కొంగున ముడేసుకుంది.

ఇంట్లో ముగ్గురు. ఆమె, భర్త, అత్తయ్య. భర్త ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. భార్యకు నాలుగు నెలలుగా జుట్టు ఊడుతోందని, ఎండలో కూడా చలేస్తోందని, డిపో మెట్లు ఇరవై రెండు ఎక్కడానికి రెండుసార్లు ఆగుతోందని విని అతను ఒకే మాట అన్నాడు. "గ్యాస్ తగ్గింది." ఏ రోగానికైనా అతను చెప్పేది అదే.

అత్తయ్య బడిపంతులమ్మగా రిటైరయింది. ముప్పై ఒక్క ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దింది. ఎర్ర పెన్ను ఇప్పటికీ కళ్లజోడు పెట్టెలోనే ఉంటుంది. రక్తపరీక్ష రిపోర్టు రాగానే, "ఇలా తే," అని అందుకుని, పెన్ను మూత తీసింది.

"టీఎస్‌హెచ్. థైరాయిడ్ అన్నమాట. నాలుగున్నర దాకా వేశారు, మనకి పద్నాలుగూ పాయింట్ రెండు వచ్చింది. పైకి బాణం కూడా పెట్టారు. ఫస్ట్ క్లాస్." టిక్కు పెట్టింది. "ఫెరిటిన్, ఒంట్లో ఐరన్ నిల్వట. కనీసం పదిహేను రావాలి. ఆరు. కింది బాణం. ఫెయిల్. విటమిన్ బి12, ఫెయిల్. విటమిన్ డి, ఫెయిల్. ఒక్క సబ్జెక్టులో చురుకు, మూడింట్లో మొద్దు. ఇలాంటి పిల్లలు ప్రతి క్లాసులో ఒకరుంటారు."

"ఎక్కువొచ్చిన మార్కులు తక్కువొచ్చినవాటికి సర్దరా అమ్మా?" అన్నాడు కొడుకు.

"మా రోజుల్లో సర్దేవాళ్లం. ఇప్పుడెలా ఉందో డాక్టరమ్మనే అడుగుదాం."

డాక్టరమ్మ రిపోర్టు మీద ఎర్ర టిక్కు చూసి, "ఇది ల్యాబ్ వాళ్లు పెట్టారా?" అంది.

"నేను పెట్టాను," అంది అత్తయ్య. "థైరాయిడ్లో బాగా వచ్చింది కదా అని."

డాక్టరమ్మ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి కాసేపు బల్లమీది స్టాప్లర్‌ను సర్దింది.

"ఇది థైరాయిడ్ చేసే సరుకు కాదండీ. మెదడు అడుగున ఒక గ్రంథి ఉంటుంది. పని చెయ్యి అని అది మెడలో ఉన్న థైరాయిడ్‌కు పంపే కబురు ఇది. థైరాయిడ్ సరిగా చేస్తుంటే కబురు కొంచెం చాలు. చేయకపోతే..."

"ఫోన్లు," అంది నిమిషమ్మ. అప్పటిదాకా కుర్చీలో వాలి ఉన్న మనిషి నిటారుగా కూర్చుంది. "బస్సు టైముకి కదిలితే కంట్రోల్ రూము ఒకసారి ఫోన్ చేస్తుంది. కదలకపోతే చేస్తూనే ఉంటుంది."

"అంతే. మీ మెడలో డ్రైవరు కునుకు తీస్తున్నాడు. పైనుంచి పద్నాలుగు ఫోన్లు వెళ్లాయి. ఇదిగో, ఈ కింద టీ4 అని ఉందే, అది థైరాయిడ్ చేసిన అసలు సరుకు. అది తక్కువే ఉంది."

"అయితే ఇదీ ఫెయిలేనా?" అంది అత్తయ్య.

"నాలుగూ ఫెయిలే."

అత్తయ్య పెన్ను తీసి టిక్కు కొట్టేసింది. పక్కన పొడి అక్షరాల్లో సంతకం కూడా పెట్టింది. దిద్దింది మారిస్తే సంతకం పెట్టాలన్నది ఆవిడ నియమం.

"మరి నిద్ర దేనివల్ల వస్తోందండీ?" అని అడిగింది నిమిషమ్మ. "థైరాయిడా, ఐరనా?"

"ఒక్కరి మీద కేసు పెట్టలేం. నలుగురు దొంగలు కలిసి చేసిన పని. థైరాయిడ్ తన సరుకు చేసుకోవడానికి కూడా ఐరన్ కావాలి. అలసట, చలి, జుట్టు ఊడటం రెండింటివల్లా ఉంటాయి. అందుకే అన్నీ కలిపి చూడాలి, ఒక్క అంకె పట్టుకుని కూర్చోకూడదు. మందులు రాస్తాను. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష."

అత్తయ్య మందుల షాపు వరసలో చోటు పట్టడానికి ముందే లేచి వెళ్లింది. డాక్టరమ్మ చీటీ రాస్తూ ఏ మాత్ర ఎప్పుడో చెప్పసాగింది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. ఆ కుర్చీకైతే సుఖం కూడా ఉంది. "అర్థమైందా?" అన్న మాటకు నిమిషమ్మ కళ్లు తెరిచి "అర్థమైంది" అంది. డిపో మీటింగుల్లో పద్నాలుగేళ్లు సాధన చేసిన విద్య అది.

ఇంటికి రాగానే అత్తయ్య ఒక నోటుబుక్కు తీసి, అట్టమీద "ప్రోగ్రెస్ కార్డు" అని రాసి, మొదటి పేజీలో చీటీని నాలుగు అంచులకూ జిగురు రాసి అతికించింది. చీటీలో నాలుగు మందులున్నాయి. థైరాయిడ్ మాత్ర దగ్గర "పొద్దున, ఖాళీ కడుపుతో" అని ఉంది. ఐరన్, బి12 దగ్గర "రోజుకొకటి". డి దగ్గర "వారానికొకటి". కింద మూల ఒక బాణం గీసి ఉంది. డాక్టరు సంతకానికి తోక అనుకున్నారు.

టైంటేబుల్ రాసేవాళ్ల గొప్పతనమంతా కనెక్షన్‌లో ఉంటుంది. నాలుగు దిక్కుల బస్సులు ఒకే నిమిషానికి ఒకే చోటికి రావాలి. దిగినవాళ్లు ఎదురుచూడకుండా ఎక్కాలి. అలాంటి కనెక్షన్లు డిపోలో తొమ్మిదున్నాయి. తొమ్మిదీ నిమిషమ్మ కట్టినవే. ఇంట్లో పదోది కట్టింది. ఆరూ పదికి భర్త కాఫీ తెస్తాడు. ఆ ఆరూ పదికే తెల్లమాత్ర, అంటే మిరియపు గింజంత థైరాయిడ్, దాని వెనక ఇటుకరంగు ఐరన్, గులాబీరంగు బి12, ఆదివారమైతే డి గుళిక. అన్నీ ఒకే గుక్కలో, కాఫీతో.

"ఒక్క నిమిషం వృథా లేదు," అంది భర్తతో.

"పద్ధతంటే నీదే," అన్నాడతను.

ఆరు వారాల్లో ఒక్కరోజూ, ఒక్క నిమిషమూ తప్పలేదు. ఈలోగా డిపోలో అందరికీ థైరాయిడ్ పిచ్చి పట్టుకుంది. యూనియన్ గదిలో ఆరోగ్య శిబిరం పెట్టి, కావలసినవాళ్లకు రక్తం తీశారు. మర్నాటినుంచి క్యాంటీన్లో అంకెలే మాటలు.

"నాది రెండూ పాయింట్ ఒకటి," అన్నాడు ఒక కండక్టరు దిగులుగా.

"రెండేనా? నాది మూడూ పాయింట్ తొమ్మిది," అన్నాడు డ్రైవరు ఒకడు. డిపోలో అతని పేరు హారన్. ఎదురుగా ఏమున్నా లేకున్నా హారన్ కొడతాడు. "మరేం పరవాలేదులే, నువ్వింకా చిన్నవాడివి."

నిమిషమ్మ వాళ్లకు ఫోన్ల సంగతి చెప్పబోయి, మధ్యలో బల్లమీద తల వాల్చింది. హారన్ అందరికీ సైగ చేసి, వేళ్లమీద నడిచి బయటికి పోయాడు. బయట బస్సెక్కి హారన్ కొట్టాడు.

ఆరు వారాల తర్వాత, గురువారం సాయంత్రం రెండో రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ పదమూడూ పాయింట్ ఎనిమిది. ఐరన్ నిల్వ ఏడు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. డాక్టరమ్మ ఊళ్లో లేదు, సోమవారం వస్తుందన్నారు.

అత్తయ్య ప్రోగ్రెస్ కార్డులో అంకెలు రాసి, చాలాసేపు చూసింది. "కష్టపడే పిల్లే. మరి మార్కులెందుకు రావట్లేదు?" అంది. ఆ మాట అంతకుముందు ఆవిడ నోట ఎన్నడూ రాలేదు. కష్టపడితే మార్కులొస్తాయన్నదే ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ల మతం.

"గ్యాస్ లీకవుతోందేమో," అన్నాడు కొడుకు, కానీ మెల్లిగా అన్నాడు.

నిమిషమ్మ క్యాలెండరు వైపు చూసింది. గడువుకు ఏడు వారాలు కూడా లేవు. ఆ రోజు పొద్దున మేనేజరు పాతవంతెన రూటు టైంటేబుల్ సుమారుకు ఇచ్చాడు. "ఊరికే, అలవాటు కోసం," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

శుక్రవారం పదీ నలభైకి డిపోకు ఫోనొచ్చింది. హారన్.

"అమ్మా, వంతెన మీదున్నాను. ఎదురుగా మనదే ఇంకో బస్సుంది. ఇద్దరం ముక్కు ముక్కు రాసుకుంటున్నాం."

పాతవంతెన మీద ఒకసారికి ఒక్క బండే పడుతుంది. అందుకని ఆ రూటులో అటు బస్సుకూ ఇటు బస్సుకూ మధ్య పన్నెండు నిమిషాల ఎడం ఉంచేది నిమిషమ్మ. పద్నాలుగేళ్లలో అక్కడ రెండు బస్సులు ఎదురుపడలేదు. సుమారు రెండింటికీ "సుమారు పదిన్నర" అని రాశాడు. ఇద్దరు డ్రైవర్లకూ ఆ సుమారు ఒకే నిమిషానికి తగిలింది.

మేనేజరు ఆమెను జీపులో పంపాడు. వంతెన నడుమ ఒకవైపు హారన్ నడిపే తెల్ల మినీబస్సు, రెండోవైపు ఇటుకరంగు పెద్ద బస్సు. రెండిట్లోంచీ జనం దిగి, రెయిలింగుకు ఆనుకుని, ఎవరు తగ్గుతారా అని పందాలు వేసుకుంటున్నారు.

"నేను ముందొచ్చానమ్మా," అన్నాడు హారన్.

"నేను పెద్ద బండిని. వెనక్కి తీయడం నీకే తేలిక," అన్నాడు పెద్ద బస్సు డ్రైవరు.

"ఇద్దరిలో ఎవరైనా దాటారా?" అంది నిమిషమ్మ.

"ఎలా దాటతామమ్మా? వంతెన ఒకటే కదా. ఒకే ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా?"

"టైముకే వచ్చారా?"

"టైముకే వచ్చాం. ఇద్దరం ఒకే టైముకొచ్చాం. అదే కదా గొడవ."

నిమిషమ్మ తెల్లబస్సును చూసింది. ఇటుకరంగు బస్సును చూసింది. మళ్లీ తెల్లబస్సును చూసింది. వంతెన గట్టుమీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. పమిట నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. ఏమైందో తెలియకుండానే ఇద్దరు ప్రయాణికులు కూడా నవ్వారు.

"నిద్ర తలకెక్కింది పాపం," అన్నాడు పెద్ద బస్సు డ్రైవరు.

"ఆరూ పది," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "ఆరు వారాలుగా రోజూ ఆరూ పదికి." లేచి చెయ్యి చాపింది. "పెద్దబండి వెనక్కి. తెల్లది ముందు దాటాలి. తెల్లది పూర్తిగా దాటాక, బాగా ఎడం ఇచ్చి, అప్పుడు నువ్వు."

హారన్ బస్సు ఆమె వీధి మీదుగానే పోతుంది. దారి పొడుగునా హారన్ కొట్టుకుంటూ ఇంటి ముందు దించాడు.

"అత్తయ్యా, ప్రోగ్రెస్ కార్డేది?"

"ఈ వేళప్పుడొచ్చావేం? ఉద్యోగం పోయిందా?"

"డాక్టరమ్మ ఆ పూట ఇంకా ఏదో చెప్పింది. నేను నిద్రపోయాను. ఆ మూల ఉన్నది సంతకం తోక కాదేమో చూద్దాం."

కెటిల్లో నీళ్లు మరిగించి, చీటీని ఆవిరికి పట్టి, ఒక్కో అంచూ ఊడదీశారు. వెనక నాలుగు వరసలున్నాయి. అత్తయ్య కళ్లజోడు తుడుచుకుని చదివింది.

"థైరాయిడ్ మాత్ర వట్టి నీళ్లతో. తర్వాత గంట దాకా కాఫీ, టిఫిన్ వద్దు. ఐరన్ మాత్ర దానికి కనీసం నాలుగు గంటల ఎడంతో. కాఫీ, టీలతో వద్దు, నిమ్మరసంతో మంచిది. డి భోజనంతో. బి12 ఎప్పుడైనా." ఆగి, కింద ఉన్న ఇంకో ముక్క కూడా చదివింది. "ఐరన్‌తో కలిపి వేసుకుంటే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు."

అత్తయ్య చీటీని మళ్లీ అటూ ఇటూ తిప్పి చూసింది. ముప్పై ఒక్క ఏళ్లు పరీక్ష హాల్లో "కాగితం తిప్పి చూడండర్రా" అని అరిచిన మనిషి ఆవిడ. తిప్పనివాళ్లకు రెండు మార్కులు కోసేది. ఇప్పుడు ఎర్ర పెన్ను తీసి ప్రోగ్రెస్ కార్డులో "వెనక పేజీ చూడలేదు. సున్నా" అని రాసింది.

"అది నాకా?" అంది కోడలు.

"నాకు. నీకు వేరే ఉంది." కింద ఇంకో వరస రాసింది. "క్లాసులో నిద్రపోయింది. సున్నా."

సాయంత్రం కొడుకు రాగానే రెండు సున్నాల కిందా సంరక్షకుడి సంతకం పెట్టించింది. అతను ఫ్రిజ్ గ్రీజు వేళ్లతోనే పెట్టాడు. "గ్యాస్ ఉంది కానీ పైపు మూసుకుపోయిందన్నమాట," అన్నాడు. ఈసారి ఆ మాటను ఎవరూ కాదనలేదు.

సోమవారం డాక్టరమ్మ కథంతా విని, ఈసారి స్టాప్లర్ జోలికి పోకుండా నవ్వేసింది. మందులు అవే, మోతాదు అదే, ఆరు వారాలు సరిగ్గా వేసుకుని రమ్మంది. కొత్త చీటీ రాసి, "నాలుగు గంటలు," అని రెండుసార్లు చెప్పింది. చెప్పేటప్పుడు పేషెంటు కళ్లు తెరిచే ఉన్నాయో లేదో చూసింది.

ఆ రాత్రి భోజనాలకు ముందే నిమిషమ్మ డిపో ఫారం మీద కొత్త టైంటేబుల్ రాసింది. ఆరు గంటలు, తెల్లబండి, ఎక్స్‌ప్రెస్, నీళ్లు తప్ప వేరే స్టాపు లేదు. ఏడు గంటలు, కాఫీ. ఒంటిగంట, ఇటుకరంగు బండి, నిమ్మరసంతో. ఆదివారం భోజనానికి డి. బి12కు స్పేర్ బండి అని రాసి, తొమ్మిదింటికి పడేసింది. ఆరుకూ ఒంటిగంటకూ మధ్య ఏడు గంటల ఎడం చూసి, వంతెన మీద ఇంత ఖాళీ ఎన్నడూ లేదనుకుంది.

హారన్ ద్వారా సంగతి డిపో అంతా పాకింది. మర్నాటినుంచి ఒంటిగంటకు డిపోలో ఏ బస్సున్నా ఒకసారి హారన్ కొట్టేది. "అమ్మా, ఒంటిగంట బండి వచ్చింది," అని కిటికీలోంచి అరిచేవారు. సుమారు కూడా వచ్చాడు ఒకరోజు, పన్నెండూ నలభైకి. "సుమారు ఒంటిగంటయింది కదమ్మా," అన్నాడు.

మూడో వారంలో ఆమె ఇరవై రెండు మెట్లకు ఒకసారే ఆగింది. ఐదో వారంలో ఒక మధ్యాహ్నం బోర్డుమీద మార్కెట్టు రూటు రాస్తూ గడియారం చూసింది. మూడూ ఇరవై. ఆ సమయానికి ఎప్పుడూ బోర్డు ఆమెకు దిండు. ఏదో తప్పు జరిగిందేమోనని అనుమానమొచ్చి, చేతిని గిల్లుకుంది. మేలుకునే ఉంది. ఆ ఆనందం ఎవరితో చెప్పుకోవాలో తెలియక మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగి, మళ్లీ ఎక్కింది. ఎనభై ఎనిమిది మెట్లు. కింద నుంచి చూస్తున్న కండక్టరు, "ఏం పారేసుకున్నారమ్మా?" అని అడిగాడు.

గడువు రోజు పొద్దున మూడో రిపోర్టుతో, డాక్టరు కాగితంతో, కొత్త టైంటేబుల్ కట్టతో మేనేజరు గదిలోకి వెళ్లింది. తలుపు దగ్గర సుమారు నిలబడి ఉన్నాడు. మేనేజరు ముందు రిపోర్టు అందుకున్నాడు.

"టీఎస్‌హెచ్ ఐదూ పాయింట్ ఒకటి." అతని మొహం పడిపోయింది. "మొదట్లో పద్నాలుగుండేది కదండీ. ఐదుకి పడిపోయారా? అంతలా తగ్గితే ఎలా?"

"తగ్గాల్సింది అదే సార్. ఐరన్ నిల్వ చూడండి, ఆరునుంచి పద్దెనిమిది. పెరగాల్సింది అది. ఇంకా కొంచెం దారి ఉందట. మందులు ఆపొద్దన్నారు. కాగితం అయితే ఇచ్చారు."

"ఒకటి పెరిగితే మంచిది, ఒకటి తగ్గితే మంచిదా? ఇదెక్కడి లెక్క?"

అప్పుడే బల్లమీద ఫోన్ మోగింది. మేనేజరు నంబరు చూసి, పై ఆఫీసని గ్రహించి, మోగనిచ్చాడు. ఆగింది. మళ్లీ మోగింది. ఆగి మళ్లీ మోగింది.

"పొద్దుటినుంచి ఎన్నిసార్లు చేశారు సార్?" అంది నిమిషమ్మ.

"పదమూడో, పద్నాలుగో."

"సుమారు," అన్నాడు సుమారు తలుపు దగ్గరనుంచి.

"అదే సార్ టీఎస్‌హెచ్. కింద పని జరగకపోతే పైనుంచి ఫోన్లు పెరుగుతాయి. జరిగితే తగ్గుతాయి. నా మెడలో పద్నాలుగు మోగేవి, ఇప్పుడు ఐదు మోగుతున్నాయి." టైంటేబుల్ కట్ట అతని ముందుకు జరిపింది. "మీరూ ఎత్తండి. ఇదిగో మీ మాత్ర."

మేనేజరు మొదటి పేజీ చూశాడు. రెండో పేజీ చూశాడు. పాతవంతెన రూటులో పన్నెండు నిమిషాల ఎడం మళ్లీ వచ్చి కూర్చుంది. కాగితం తిప్పి వెనక కూడా చూశాడు. ఫోనెత్తాడు.

"అయిపోయింది సార్. మొత్తం నూటపన్నెండు బస్సులకీ. ఆ, నిమిషమ్మగారే రాశారు. ఇకమీదట కూడా ఆవిడే." అవతలి మాట వింటూ ఆమె వైపు చూశాడు. "లేదు సార్, లేదు. లేచే ఉన్నారు. నన్ను కూడా లేపారు."